ఫంగస్ కాని మచ్చ: శంషాబాద్‌లో ఒక లెన్స్ అమ్మిన రోజు

సువర్ణక్క లెన్స్‌కు ఫంగస్ పట్టిందని అబద్ధమాడి, ఇరవై నాలుగు వేలు పలికే సరుకును ఎనిమిది వేలకు కొట్టేయబోయినవాడు సిటీలోని ఒక పాత కెమెరాల దుకాణదారు. పేరు రాయడం లేదు. అలాంటి దళారి వాడొక్కడే కాదు గనుక. మా బస్తీలో పెళ్లిళ్లకూ చర్చి పండుగలకూ ఫోటోలు తీసేది సువర్ణక్కే. ఆమె పాత కెమెరా వెలుతురు తక్కువగా ఉండే ఫంక్షన్ హాళ్లలో పనికిరాక ఈ ఏడాది రెండు పెళ్లిళ్లు చేజారాయి. వాడినదే అయినా మంచి కెమెరా ఒకటి ఇరవై వేలకు చూసిపెట్టుకుంది. ఈ లెన్స్ అమ్ముడుపోతేనే అది చేతికొస్తుంది. కౌంటర్ మీద గుద్ది నేను ఎంత అరిచినా దుకాణదారు రూపాయి పెంచలేదు. అక్కే నన్ను బయటికి లాక్కొచ్చింది. "నువ్వు అరిస్తే అద్దం సాఫైతదా? శంషాబాద్‌ల మంచి మెకానిక్ ఉన్నడంట, రేపు పోదాం" అంది.

మరునాడు తొమ్మిదింటికి ఆరాంఘర్‌లో బస్సెక్కాం. అక్కకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, నాకు ముప్పై రూపాయలు. అరగంటలో శంషాబాద్‌లో దిగి, గోదాముల లారీలను తప్పించుకుంటూ పది నిమిషాలు నడిస్తే ఖలీల్ చాచా మరమ్మతు గది వచ్చింది. దుకాణదారు అన్నది విని, చాచా లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి చూశాడు.

"ఏడ పెడుతవ్ బేటీ దీన్ని?"

"బియ్యం డబ్బాల, చాచా. వానాకాలం చెమ్మ తగలొద్దని."

చాచా పగలబడి నవ్వాడు. "లెన్స్ తోటి బిర్యానీ వండుదామనుకున్నవా? ఇది ఫంగస్ కాదమ్మా, తవుడు! ఫంగస్ అయితే సాలెగూడు లెక్క అల్లుకుంటది. రోజూ గిదే పని చేసే ఆ దుకాణపోనికి చూడంగనే తెలుస్తది."

తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టడం మా ఇళ్లలో అందరికీ అలవాటే. ఆ లెక్కనే అక్క మూడు వానాకాలాలు లెన్స్‌ను అందులో దాచింది. సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. శుభ్రం చేయడానికి ఆరు వందలు, రెండు గంటలు. ఎదురు హోటల్లో ఇడ్లీ తింటూ నేను మళ్లీ రగిలిపోయాను. "ఇగ పోయి వాని దుకాణం ముందు కూసుందాం అక్కా!"

"ముందు ఇడ్లీ తిను. చల్లారితే రాయైతది."

లెన్స్ శుభ్రమై చేతికొచ్చేసరికి, ఫోటోగ్రాఫర్ల ఫోన్ గ్రూపులో అక్క పెట్టిన ప్రకటన చూసి లలిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. భీమవరం వైపు వాళ్లు, ఇక్కడే స్థిరపడ్డారు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఉద్యోగం, రెండింటికి డ్యూటీ దిగుతుంది. నూట ఇరవైకి ఆటో మాట్లాడుకుని ఎయిర్‌పోర్టు దారిలో ఆమె చెప్పిన హోటల్ ముందు దిగాం. యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చింది. లెన్స్‌ను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకుంది.

"ఇరవై రెండే కూడబెట్టగలిగానండి. కుదరకపోతే చెప్పేయండి, ఏమీ అనుకోను."

"ఇరవై నాలుగుకు రూపాయి తగ్గదు!" అన్నాను.

"నువ్వు జర ఆగు తమ్మీ. ఏం తీస్తవ్ బిడ్డా దీంతోటి?"

"సెలవు రోజుల్లో స్కూళ్లవాళ్లు ఆటల పోటీలకు పిలుస్తున్నారండి. నా చిన్న లెన్స్‌కి పరుగెత్తే పిల్లల మొహాలు అందట్లేదు."

అక్క ఆమె ఎడమ అరచేతిని లెన్స్ కింద పెట్టించి, మోచేతిని డొక్కకు ఆనించింది. "గిట్ల పట్టుకుంటే బరువు తెల్వదు. ఇరవై రెండే ఇయ్యి."

తిరుగు బస్సులో నేను పోయిన రెండు వేలనే లెక్కపెట్టుకుంటున్నాను. అక్కే అంది: "వాడు గుంజుకోవాలని చూసిండు. నేను ఇచ్చిన. రెండూ ఒక్కటేనారా? నా కెమెరా నాకొస్తది, ఆ పిల్ల ఫోటోలు ఆ పిల్లకొస్తయ్."

నేను చదివిన కరపత్రాల్లో దోపిడీ గురించి ఎంతో ఉంది గానీ, ఈ తేడా లేదు. పాత సరుకు ధరను పడగొట్టేది దాని వయసు కాదు, అమ్మేవాళ్ల భయం. తన వస్తువులో ఏముందో తెలిశాక అక్క ఎవరికీ భయపడలేదు. అందుకే మనసారా తగ్గించగలిగింది. మీరూ అమ్మబోయే ముందు మెకానిక్‌కు చూపించి, లోపం ఏమిటో, ఏమి కాదో చీటీ రాయించుకోండి.

ఎవరూ ఒంటరిగా ఆ కౌంటర్ల ముందు నిలబడొద్దు. అమ్మే కెమెరాలు, లెన్సులు తీసుకుని ఈ ఆదివారం ఉదయం పదింటికి శంషాబాద్ బస్టాండ్ దగ్గరికి రండి. సువర్ణక్కా నేనూ అక్కడే ఉంటాం. ధర మనమే కలిసి కడదాం. పదంటే పదే!