బండి దిగిన ఓనా

మైదానం అంచున మట్టి ఇటుకలతో లేచిన హాలరన్ కోటకు నిండా మూడేళ్లు లేవు. సిపాయిల బట్టలుతికే ఓనాకు మాత్రం అదే ఊరు, అదే లోకం. ఘాటు సబ్బుకు పగిలిన వేళ్లతో పొద్దున్నే ఏటి ఒడ్డున బాన కింద మంట పెట్టేది. చొక్కా పిండుతూ దాని యజమాని తాగుడును తిట్టిపోసేది, ఊడిన గుండీ అడక్కుండానే కుట్టేది.

ఏరు ఎండిపోయింది. కోట ఖాళీ చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బండ్లు కదిలే వేళ, జ్వరంతో స్పృహ తప్పిన సిపాయి డెనిస్‌ను వదిలేయమన్నాడు కెప్టెన్. "కుదుపులకు దారిలోనే పోతాడు."

ఓనా మూటతో సహా బండి దిగింది.

"వాడు నీకేమవుతాడే?" అని అరిచింది పక్కనున్న మార్తా.

"ఏమీ కాడు. అయినా ఒంటరిగా చావనిస్తామా? దొరా, ఒక పీపా నీళ్లు, ఒక కంచర గాడిద ఇచ్చిపోండి."

కెప్టెన్ తలవంచుకుని ఇప్పించాడు.

అందరూ వెళ్లిపోయిన కోటలో, తలుపులు కూడా పీకేసిన గదిలో, ఆమె తడిగుడ్డతో అతని ఒళ్లు తుడుస్తూ, పెదాలు తడుపుతూ కూర్చుంది. జ్వరం దిగాక అతన్ని గాడిద మీద కట్టి, తాను నడిచి, దండు వెళ్లిన అవతలి కోట చేరింది.

"బతికే ఉన్నాడా!" అన్నాడు కెప్టెన్.

"చూస్తారేం? దింపండి!"

కెప్టెన్ టోపీ తీసి, ఆమె చేతిలోని పగ్గం తానే అందుకున్నాడు.