చింతపండుతో తోమిన తూటాలు

మా చిన్నప్పుడు... శనివారం పొద్దున మా గరాజ్‌లో ఎవరూ మాట్లాడకూడదు. అప్పుడు మేం టెక్సస్‌లో, కాపెల్‌లో ఉండేవాళ్లం. మిగతా తెలుగు పిల్లలంతా ఆ వేళకి డాన్స్ క్లాసులకి పోతుంటే, నేను ఎత్తు స్టూల్ మీద కూర్చుని మా నాన్న తూటాలు తయారుచేయడం చూసేదాన్ని. నవ్వకండి, నిజమే.

అమ్మ పోయిన ఏడాది అది. నాకు పదకొండేళ్లు. పక్కింటి వాల్టర్ అంకుల్ రిటైరైన సైనికుడు. నాన్నని ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోనివ్వకూడదని తుపాకులు కాల్చే షూటింగ్ రేంజ్‌కి లాక్కెళ్లేవాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి కొనిపించాడు కూడా. చీమకి కూడా హాని చేయని మనిషి మా నాన్న... కాగితం మీద గీసిన గుండ్రాలని కాల్చేవాడు, అంతే.

ఆ పాత రైఫిల్‌కి షాపులో దొరికే తూటాలన్నీ పడవట. అందుకే కాల్చగా మిగిలిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, కడిగి, మళ్లీ మందు కూరి, పైన గుండు బిగించేవాడు.

మందు తూచేటప్పుడు కబుర్లాడితే ఒకే గొట్టంలో రెండుసార్లు పడొచ్చు, రైఫిల్ మొహం మీదే పేలొచ్చు. బల్ల దగ్గర మాటలు వద్దని వాల్టర్ అంకుల్ రూల్ పెట్టాడు. అది నాకూ నాన్నకీ భలే నచ్చింది. మెల్లగా గరాజ్ దాటి వంటింట్లోకి, కార్‌లోకి, అన్నం తినే చోటికి వచ్చేసింది. ఎనిమిది నెలల్లో అమ్మ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. బాధగా ఉండేదా అంటే... ఏమీ ఉండేది కాదు. పన్ను పీకించుకుని వచ్చాక మొద్దుబారిన దవడ తాకి చూసుకుంటే ఎలా ఉంటుందో, అలా ఉండేది.

గొట్టాలు తోమే మెషిన్ నాన్న కొనలేదు. ఇత్తడే కదా అని, అమ్మ దీపపు కుందులు తోమే చింతపండునే నానబెట్టాడు. తళతళలాడాయి! అమ్మ పాత నేతచీర పెరట్లో పరిచి, వాటిని వరసగా నిలబెట్టాడు. అచ్చం వడియాలు పెట్టినట్టే ఉంది.

నాన్న ఆఫీస్ ఫోన్‌లో ఉండగా మబ్బు పట్టింది. నేను ఒక్కొక్కటీ తీసి ట్రేలో పెట్టి లోపలికి తెచ్చాను. కొన్నిటి లోపల, అడుగున ఇంకా తడి ఉంది. ఆరిపోయాకే తెచ్చాననుకుని మర్నాడు నాన్న మందు కూరాడు. నేను పక్కనే ఉన్నాను. చెప్పాలనిపించింది... బల్ల దగ్గర మాట్లాడకూడదు కదా, ఊరుకున్నాను.

రేంజ్‌లో మూడు బాగానే పేలాయి. నాలుగోది క్లిక్‌మంది, పేలలేదు. వాల్టర్ అంకుల్ కదలొద్దని అరిచాడు. అలాంటి తూటా కాస్త ఆగి కూడా పేలొచ్చట, తొందరపడి తెరిస్తే మనిషి మిగలకపోవచ్చట. నాన్న రైఫిల్‌ని గురి మీదే ఉంచి శిలలా నిలబడిపోయాడు. నాన్న కూడా పోతే నేనెవరింట్లో ఉండాలి, ఏ స్కూల్‌కి వెళ్లాలి అని వరసగా ఆలోచించాను. భయం మాత్రం వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే, అలా వేయకపోవడమే భయంగా ఉంటుంది.

చాలాసేపు ఆగి తెరిస్తే, ఆ తూటా చప్పుడు లేకుండా బయటికి వచ్చింది.

తిరిగొస్తుంటే కార్‌లో చెప్పేశాను. "లోపల వెట్‌గా ఉందని నాకు తెలుసు నాన్నా."

"మరి చెప్పలేదేంటమ్మా?"

"నో టాకింగ్ అన్నావ్ కదా."

నాన్న ఇంటికొచ్చి మిగిలిన తూటాలన్నీ బల్ల మీద పోసి, ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. లోపల మందు ఉండకట్టి ఉంది. పది దాకా విప్పి, చేతులు ఆపేసి, ఆ బల్ల దగ్గరే అన్నాడు.

"మీ అమ్మయితే కుందులు తోమాక బోర్లించేది. నేనే వీటిని తిన్నగా నిలబెట్టాను. నీ తప్పేం లేదు తల్లీ."

ఎనిమిది నెలల తర్వాత అమ్మ మాట అది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమో అని చూశాను... రాలేదు. అది వచ్చేసరికి నేను కాలేజీలో ఉన్నాను, లాండ్రీ మడతపెడుతూ.

నాన్న ఆ రైఫిల్ ఎప్పుడో అమ్మేశాడు. ఇప్పుడు ఫ్రిస్కోలో మాతోనే ఉంటున్నాడు. నా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని వాళ్ల అమ్మమ్మ కబుర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. వాళ్లు పడీపడీ నవ్వుతారు. ఆయనకి మాటలొచ్చేశాయి... నాకే ఇంకా రాలేదు. అమ్మ గురించి నోరు తెరిస్తే ఎవరికో ఏదో అయిపోతుందనిపిస్తుంది. అందుకే ఇలా రాస్తున్నాను.

మీ ఇంట్లో ఒక మనిషి పోయాక, వాళ్ల గురించి మొదట మాట్లాడింది ఎవరు? ఏమన్నారు? చెప్పరూ...