గుండెకు బెలూను మరమ్మతు

నా గుండెలో మొదటిసారి స్టెంటు వేసినప్పుడు దాన్ని జబ్బు కింద కాదు, ప్రమోషన్ కింద జమకట్టాను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లకు ఇనుప సామాను బిగిస్తూ సర్వీసంతా గడిపినవాణ్ణి. ఇప్పుడు నాలోనే లోహం బిగించారంటే మా శాఖవాళ్ళే లోపలికొచ్చి కూర్చున్నట్టు ధైర్యంగా ఉండేది. తాల్‌బగీచాలో మా ఇంటి పక్క టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఎవరికి ఛాతీలో మంట పుట్టినా సలహా చెప్పేవాణ్ణి. గ్యాసో గుండెనొప్పో ముఖం చూసి చెప్పేస్తానని కూడా కోతలు కోశాను. పాపం, కొందరు నమ్మారు.

అంత పెద్ద వైద్యుడికి తన నొప్పి మాత్రం తెలియలేదు. నడుస్తుంటే ఛాతీ పట్టేస్తే, నెపం పొద్దున తిన్న లూచీల మీద, అదే బెంగాలీ పూరీల మీద పెట్టాను. మా ఆవిడ నాతో వాదించలేదు. వాకిట్లోకి టోటో రిక్షా పిలిచి, నన్ను ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. పరీక్షలు చేస్తే పాత స్టెంటు లోపలే దారి మళ్ళీ సన్నబడిందని తేలింది.

డాక్టరు మా అబ్బాయి కంటే చిన్నదైన బెంగాలీ అమ్మాయి. హిందీలో ఓపిగ్గా చెప్పింది. స్టెంటు లోపల కండ పెరిగిందట. అక్కడ ఇంకో స్టెంటు వేస్తే లోహం మీద లోహం పొర అవుతుంది. అందుకని ముందు మామూలు బెలూనుతో ఆ ఇరుకును తెరుస్తారు. తర్వాత పైన మందు పూసిన బెలూను పంపి, కాసేపు ఉబ్బించి రక్తనాళం గోడకు అదిమి పెడతారు. మందు గోడకు అంటుకుని, కండను మళ్ళీ పెరగకుండా అదుపు చేస్తుంది. బెలూను బయటికి తీసేస్తారు.

"పాత స్టెంటు నా చేతికిస్తారా, మీ స్టోర్సులో జమ చేసుకుంటారా?" అని అడిగాను.

అది తెలివితక్కువ ప్రశ్న అని నాకు తోచలేదు. మా షాపులో పాత పార్టు అప్పజెప్పందే స్టోర్సువాళ్ళు కొత్తది ఇచ్చేవాళ్ళు కాదు. అరిగిపోయిన నట్టునైనా గుడ్డలో చుట్టి కిటికీ దగ్గర చూపించాల్సిందే. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, పాతది ఎక్కడిదక్కడే ఉంటుంది, ఎప్పుడో గోడలో కలిసిపోయింది అంది. మరి కొత్తగా లోపల ఏం ఉంచుతారు అన్నాను. ఏమీ ఉంచం, ఇందులో ఉన్న మంచి అదే అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. పాతది తీయరు, కొత్తది పెట్టరు, ఊది వెనక్కి తీసుకుంటారు. ఇలాంటి మరమ్మతు నేను చేసి ఉంటే మా ఫోర్‌మెన్ నన్ను షాపు చుట్టూ పరిగెత్తించేవాడు. ఆలోచించుకుని వస్తానని చెప్పి లేచాను.

"బుడగలూదీవోళ్ళ కాడ మరమ్మతేటే? ఇనుము ఏస్తామంటే అప్పుడొస్తాను," అని వరండాలో మా ఆవిడతో గొప్పగా అన్నాను.

"ఆలిస్సెం సెయ్యొద్దంది డాక్టరమ్మ. ఇన్నారా?"

విననట్టు నడిచాను.

అలా వారాలు గడిచాయి. సాయంత్రాలు ఇద్దరం ఝపటాపూర్ బజారు దాకా కూరలకు వెళ్ళేవాళ్ళం. ఆ మధ్య మా ఆవిడకు కొత్త జబ్బు పట్టుకుంది. కనిపించిన ప్రతి దుకాణం ముందూ ఆగేది. గాజులు తిప్పి చూసేది, ప్లాస్టిక్ బకెట్లు తట్టి చూసేది, చివరికి సైకిల్ గొలుసుల ధర కూడా అడిగేది. ఒక్కటీ కొనేది కాదు. ఈ వయసులో ఈవిడకు బజారు షోకు పుట్టిందని పక్కన నిలబడి వెక్కిరించేవాణ్ణి.

ఒకరోజు సైకిళ్ళ కొట్టు బెంగాలీ ఆయన విసుక్కున్నాడు. రోజూ ధర అడుగుతారు, ఇంతకీ మీ ఇంట్లో సైకిల్ ఉందా దీదీ అన్నాడు. ఆమెకు సైకిల్ ఎక్కడమే రాదు దాదా అని నేను పగలబడి నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. అక్కడే, అందరి ముందూ నా మీద విరుచుకుపడింది.

"గొలుసులు నాకెందుకండీ? నాలుగడుగులేస్తే రొప్పుతన్నారు. ఆగండీ అంటే మీరాగరు, పౌరుషం. అందుకే నేనాగినాను. మీరు పడుకుంటే ఊపిరి ఆడతందో లేదో అని ముక్కు కాడ సెయ్యెట్టి సూసుకుంటన్నాను. నాకు బయ్యమేస్తంది. ఇంకేటి సెప్పమంటారు?"

అప్పుడు చూసుకుంటే నేను ఆ కొట్టు స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ బేరాలాడినంతసేపూ నేను ఊపిరి కూడదీసుకున్నాను, ఆ ఊపిరితోనే ఆవిణ్ణి వెక్కిరించాను. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది. మర్నాడు పొద్దున్నే పోయి డాక్టరు గది ముందు కూర్చున్నాను.

ఆపరేషను బల్ల మీద నాకు మెలకువగానే ఉంది. మణికట్టు దగ్గర మత్తిచ్చి సన్నటి గొట్టం లోపలికి పంపారు. తెర మీద నా పాత స్టెంటు చూపించారు. మా షాపు సామాను లాగా దిట్టంగా ఉంటుందనుకున్నాను. పొగలో పోగులాగా, ఉందా లేదా అన్నట్టుంది. టీ కొట్లో ఇన్నాళ్ళూ దీన్ని చూసుకునా అంత మాట్లాడాను అనుకున్నాను. బెలూను ఉబ్బినంతసేపూ రక్తం ఆగి కాస్త నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోమని డాక్టరమ్మ ముందే చెప్పింది. మగాడిలా ఓర్చుకుందామనే అనుకున్నాను. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు అయ్యేసరికి అమ్మా అని అరిచి, షాపులో నేర్చిన బూతొకటి వదిలాను. తెలుగులో తిట్టాను కాబట్టి పరువు దక్కిందనుకున్నాను. నర్సు తెలుగమ్మాయేనని తర్వాత తెలిసింది.

వార్డులోకి మార్చాక మా ఆవిడ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది, పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. ఆవిణ్ణి నవ్విద్దామని నా పాత పాటే ఎత్తుకున్నాను.

"సూసినావా? ఇంత సేసినారు, లోపల ఏటీ ఉంచలేదు."

ఆవిడ నా దుప్పటి సర్దుతూ, నా ముఖం చూడకుండా అంది.

"మిమ్మల్నుంచినారు కదండీ."

ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.