దీపాలు పెట్టే వేళ పలికిన మాట

నా చిన్నప్పుడు మా ఎమ్మిగనూరులో రోగం పేరు నోటితో పలకడమంటే ఆ రోగాన్ని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకురావడమే. క్షయ వచ్చినవాళ్ళని ‘ఆ దగ్గు మనిషి’ అనేవాళ్ళు. ఆటలమ్మ సోకితే ‘అమ్మ వచ్చింది’ అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. మా అవ్వ మరీ జాగ్రత్త మనిషి. జ్వరాన్ని కూడా జ్వరం అనేది కాదు, ‘ఒళ్ళు వెచ్చగైంది’ అనేది. ఆమె మాటలు వింటే మా ఇంట్లో ఎవరికీ ఏ రోగమూ ఎప్పుడూ రాలేదనుకోవాలి.

అందులోనూ దీపాలు పెట్టే వేళ అసలు చెడ్డమాట రాకూడదు. ఆ సమయంలో తథాస్తు దేవతలు ఇళ్ళమీదుగా తిరుగుతుంటారని, కింద ఎవరేమన్నా ‘అట్లే కానీ’ అంటూ పోతారని అవ్వ మాకు నూరిపోసింది. ఆ దేవతలకు మంచిచెడ్డలు తెలియవా, విన్నదానికల్లా తలూపడమేనా అని అడగాలని నాకు ఉండేది. అడిగితే అదే చెడ్డమాట అవుతుందేమోనని ఊరుకునేదాన్ని.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వాళ్ళు సాయిబులు. వాళ్ళ నాయన బజారులో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేవారు. రెండిళ్ళ పెరళ్ళకూ నడుమ నా మెడ ఎత్తు గోడ ఒకటే అడ్డం. ఆదోనిలో నర్సు చదువు చదువుతున్న అక్క ఆ ఎండాకాలం సెలవులకు వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ మొహంలో నవ్వు లేదు. ఒంట్లో ప్రతి ఎముకకూ, ప్రతి రోగానికీ ఇంగ్లీషులో ఒక పేరుందట. అవన్నీ నోటికి రాకపోతే పరీక్ష తప్పుతుందట. తెలుగు బడిలో చదువుకున్న అక్క నాలుకకు ఆ పేర్లు ఒక పట్టాన ఎక్కలేదు.

దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. మా నాయన గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. మగ్గం చుట్టూ రంగు నూలు తుంపులు ఎప్పుడూ పడి ఉండేవి. అక్క నా చేత వాటిని ఏరి తెప్పించుకుని, నన్ను గోడ మీద కూర్చోబెట్టి, ఒక్కో పేరు చెబుతూ ఒక్కో చోట ఒక్కో పోగు కట్టేది. మోకాలి చిప్పకు పచ్చపోగు, ‘పటెల్లా’. మెడ కింది ఎముకకు చుట్టడానికి వీలుకాక పసుపుపోగు భుజం మీదుగా వేసి, ‘క్లావికిల్’. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎర్రపోగు, ‘పల్స్’. అక్కడ వేలు పెట్టి నొక్కితే లోపల ఏదో టకటకమని కొట్టుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఇంతకాలం దుమ్ములో పొర్లాడిన నా మోకాళ్ళకు అంత గొప్ప పేరుందని తెలిసి, వీధిలో రెండు రోజులు కాళ్ళు ఎత్తెత్తి నడిచాను.

ఎముకలు అయిపోయి రోగాలు మొదలయ్యాయి. ఒకనాటి సాయంత్రం అక్క ‘డీహైడ్రేషన్’ అని పదేపదే వల్లె వేస్తోంది. ఒంట్లో నీళ్ళు ఇంకిపోవడమని అర్థం చెప్పింది. అర్థం సంగతి ఎట్లున్నా ఆ పలుకు నాకు తెగ నచ్చింది. నెలల పిల్లాడైన మా తమ్ముణ్ణి చంకనేసుకుని, వాడి ముక్కుకు ముక్కు రాస్తూ పాటలాగా అదే మాట పాడాను. వాడు పడీపడీ నవ్వాడు. దీపం పట్టుకుని వస్తున్న అవ్వ విన్నది.

“దీపాలు పెట్టే యాళ పసిబిడ్డ మొగం మీద ఆ రోగం పేరేందే! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నీ నోట్లో మన్ను పడ!” అంటూ నా ఒంటిమీది పోగులన్నీ తెంపి పారేసింది.

ఆ వారం తిరక్కుండానే తమ్ముడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి.

ఎండ మండిపోతున్న రోజులు. వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలకు కూడా అట్లాగే ఉందని తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం అవ్వకు ఒక్కటే కారణం కనిపించింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. “నోట్లోంచి వచ్చింది, ఒంట్లోకి పోయింది” అని మాత్రం అన్నది. పక్కింటి అక్కను మా గడప తొక్కనీయొద్దని అమ్మతో చెప్పింది. కొట్టినా బాగుండేది. ఆ మాట విన్నప్పటి నుంచి నేను నోరు తెరవలేదు. అన్నం పెడితే తల ఊపాను, పిలిస్తే దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిస్తే ఇంకే మాట వస్తుందో, దానికి పైనుంచి ఎవరు ‘అట్లే కానీ’ అంటారోనని పళ్ళు బిగించుకున్నాను. నిద్రలో ఏమైనా అంటానేమోనని పావడా అంచు నోట్లో కుక్కుకుని పడుకున్నాను. అంత భయం నేను ఆ తరువాత ఎన్నడూ పడలేదు.

మా వైపు అప్పట్లో బిడ్డకు విరేచనాలైతే నీళ్ళు మానిపించేవాళ్ళు. పోసినకొద్దీ పోతాయని నమ్మకం. అమ్మ పాలు కూడా తగ్గించారు. వాడి మాడు మెత్తటి చోట గుంట పడింది. అంగిలి కిందికి దిగినందుకే మాడు గుంట పడిందని, అవ్వ వేలికి ఆముదం రాసుకుని వాడి నోట్లో పెట్టి అంగిలిని పైకి నొక్కింది. వాడు ఓకరించాడు. ఏడవబోయాడు గానీ గొంతు పెగల్లేదు. అవ్వ చేసిందంతా ప్రేమతోనే చేసింది. ఆమెకు తెలిసిన వైద్యం అదే. నాయన మగ్గం ఆపేసి గుంటలోనే కూర్చుండిపోయాడు. పుట్టినప్పటి నుంచీ పగలంతా ఆ చప్పుడు విన్నదాన్ని, అది ఆగేసరికి ఇంట్లో ఉండలేక పెరట్లోకి పోయాను.

మూడో రోజు పొద్దు వాలుతుండగా గోడ అవతల నుంచి అక్క నన్ను పిలిచింది. బిడ్డ ఎట్లున్నాడని అడిగింది. నేను పలకలేదు. ఆమె నా మొహం కాసేపు చూసి, తన పొట్ట మీది గుడ్డను చిటికెతో పట్టి చూపించింది. “వాని పొట్ట మీద తోలు ఇట్ల పట్టుకొని ఇడిసిపెట్టు. ఏమైతాదో సూసి రాపో” అన్నది.

లోపలికి పోయి పట్టి చూశాను. వదిలాక ఆ ముడత వెంటనే దిగలేదు. పట్టినట్టే నిలబడింది. మళ్ళీ గోడ దగ్గరికి వచ్చాను గానీ చెప్పడానికి నోరు తెరవలేను కదా. నా పావడా గుడ్డను చిటికెతో పైకి లేపి వదిలాను. గంజి పెట్టిన గుడ్డ అట్లాగే నిలబడింది. అక్క మొహం తెల్లబోయింది.

అమ్మను కేక వేసింది. అమ్మ బిడ్డను ఎత్తుకునే పెరట్లోకి వచ్చింది, వెనకే అవ్వ.

“పిన్నమ్మా, నన్ను లోపలికి పిలవొద్దులే. బిడ్డనే ఇట్ల ఇయ్యి. నీళ్ళు తాపకపోతే దక్కడు” అన్నది అక్క.

“తాపితే తాపినంతా బయటికే వస్తాంది కదే!” అన్నది అవ్వ.

“వస్తే రానీలే అవ్వా. మల్లా తాపుదాం.”

అమ్మ ఒకసారి అవ్వ వైపు చూసింది. అత్త మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి. ఆ రోజు కూడా ఎదురు చెప్పలేదు. బిడ్డను రెండు చేతులతో ఎత్తి గోడ మీదుగా అక్క చేతుల్లో పెట్టింది. నాయన జట్కా కోసం బజారుకు పరుగెత్తాడు.

మేమంతా వాళ్ళ పెరట్లోకి చేరాం. అక్క వాళ్ళమ్మ కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, చక్కెర అక్క చెప్పినంత వేసి కలిపింది. అక్క చెంచాతో కొంచెం కొంచెంగా తాపింది. కక్కాడు. కాసేపు ఆగి మళ్ళీ తాపింది. చెంచా గిన్నెకు తగిలి గలగలమంటోంది. ఆమె చెయ్యి వణుకుతోందని నాకు అప్పుడు తట్టలేదు. నేను మూలన గోడకు అతుక్కుని, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాను. వీధిలో ఒక్కొక్క ఇంట్లో దీపం వెలుగుతోంది. పైన దేవతలు బయలుదేరి ఉంటారు.

అక్క నన్ను చూసింది. ఎందుకు మాట్లాడటం లేదని అడగలేదు. తన ఓణీ అంచు నుంచి ఒక ఎర్రపోగు లాగి తమ్ముడి మణికట్టుకు కట్టింది. అవ్వ దాన్ని తాయెత్తు దారమనుకుని ఊరుకుంది. అక్క నా చేతులు నోటి మీద నుంచి తీయించి, నా వేలును ఆ పోగు పక్కన ఆనించింది. లోపల చాలా సన్నగా, చాలా వేగంగా కొట్టుకుంటోంది.

“తెలుస్తాందా? ఇప్పుడు గట్టిగా అను. పల్స్ ఉంది, అను.”

నేను తల అడ్డంగా ఊపాను. కళ్ళనిండా నీళ్ళు.

“దీపాలు పెట్టే యాళనే కదా? మీ దేవతలు సెడ్డమాటకే అట్లే కానీ అంటారా, మంచిమాటకు అనరా? అనమ్మా. నీ మాటే ఇనాల ఈ పొద్దు.”

అన్ని రోజుల తరువాత నోరు తెరిచాను. గొంతు నాది కానట్టు వచ్చింది. “పల్స్ ఉంది” అన్నాను. పొయ్యి దగ్గర నుంచి అక్క వాళ్ళమ్మ “ఆమీన్” అన్నది.

జట్కా వచ్చింది. అమ్మ ఒడిలో తమ్ముడు, పక్కన చెంచాతో అక్క, వాడి మణికట్టు మీద నా వేలు. ఎవరూ రమ్మనకుండానే అవ్వ నీళ్ళ చెంబు పట్టుకుని ఎక్కింది. ఆసుపత్రి దాకా అదే మాట అంటూ పోయాను. దారిలో బండి ఒక గుంటలో పడి లేచింది. నా వేలికింద ఏమీ లేదు. అరవబోయి ఆగిపోయాను. అరిస్తే అదే నిజమైపోతుంది. అక్క వంగి నా వేలును తిరిగి పోగు దగ్గరికి జరిపింది. “వేలు జారింది, అంతే. వాడు యాడికీ పోలేదు” అన్నది. మళ్ళీ అందింది. మళ్ళీ అన్నాను. అవ్వ పెదవులు కదులుతుంటే దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాను. చెవి పెట్టి వింటే, ఆమె కూడా “పల్సుంది, పల్సుంది” అంటోంది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. తెల్లవారేసరికి తమ్ముడు గుక్కపట్టి ఏడ్చాడు. చెంపల మీదికి కన్నీళ్ళు దిగాయి. “కన్నీళ్ళొచ్చినాయి!” అని అక్క నవ్వుతూ ఏడ్చింది. బిడ్డ ఏడిస్తే మేమంతా సంతోషపడ్డది ఆ ఒక్కరోజే. ఆ తరువాత అవ్వే నూలు పోగులు ఏరి గోడ మీద పెట్టి, “సదువుకోండి, పొద్దు గూకేలోపల” అనేది. ఆ ఒక్క షరతు మాత్రం వదల్లేదు.

చాలా ఏళ్ళకు, నాకూ ఆదోనిలో నర్సు చదువుకు సీటు వచ్చినప్పుడు, అక్కకు చెప్పడానికి వెళ్ళాను. ఆ రోజు నీకు భయం వేయలేదా అని అడిగాను. చేతులు వణికి తన వేలికి పల్స్ అందనే లేదని చెప్పింది. నా మొహం చూసే పల్స్ ఉన్నదనుకుందట. అట్లాంటప్పుడు బిడ్డను చూడక నాతో ఆ మాట ఎందుకు అనిపించావని అడిగాను.

“వానికి నీళ్ళు, నీకు మాట” అన్నది అక్క. “ఇద్దరూ ఎండిపోతాంటిరి కదే.”

ఉద్యోగమంతా నందవరం, కోసిగి పల్లెల్లో తిరిగి రిటైరయ్యాను. ఇప్పుడు ఊళ్ళలో కొత్తగా చేరిన ఆరోగ్య కార్యకర్తలకు రోగాల పేర్లు నేర్పడానికి పిలుస్తుంటారు. ఒక్కో రోగం పేరు చెప్పించగానే, అది తగ్గుతోందనడానికి గుర్తు ఏమిటో కూడా గట్టిగా చెప్పిస్తాను. అది పుస్తకంలో లేదు మేడమ్ అంటారు. లేకపోతే పోనీ, అనమంటాను. సాయంత్రం అయిందంటే ఇంకో రెండుసార్లు అనిపిస్తాను.

జబ్బు మనిషి ఉన్న ఇంట్లోకి అడుగు పెట్టగానే మంచం వైపు అందరూ చూస్తారు, నేనూ చూస్తాను. ఆ తరువాత ఇంటి మూలల్లోకి చూస్తాను. నోరు బిగించుకుని గోడకు అతుక్కున్న పిల్లో పిల్లాడో ఎవరైనా ఉంటే, దగ్గరికి పిలిచి, ఆ చిన్న వేలు తీసుకుని జబ్బు మనిషి మణికట్టు మీద పెడతాను. తెలుస్తాందా, ఇప్పుడు గట్టిగా అను అంటాను.