అక్క కుర్చీల నేను

యుద్ధం అయిపోయి ఏడాది దాటింది. గోదావరిఖని బడిల నేను టీచరుగ చేరి రెండేండ్లు. యుద్ధంల పోయినోళ్లను దేశమంతా తలుసుకునే రోజు మా దగ్గర గూడ జరపాలని కాంట్రాక్టర్లు, దుకాణాలోళ్లు కలిసి కమిటీ పెట్టిండ్రు. మా బస్తీ నుంచి ఫౌజుకు పోయి తిరిగి రానోడు ఒక్కడే. అమ్మానాయినలు లేని ఆ పిలగాన్ని అక్కనే సాదింది. ఆమె గని పైన బొగ్గుల నుంచి రాళ్లు ఏరే పని చేస్తుండె. మా ఎనుక లైన్లనే ఇల్లు. తమ్ముని ఉత్తరాలు నాతోనే చదివించుకునేది. ఆఖరుకు వచ్చిన టెలిగ్రాం గూడ నేనే చదివిన.

సభకు ఆమెను పిలిచే పని కమిటీ నాకే ఒప్పజెప్పింది.

"మా తమ్మున్ని నలుగురు తలుసుకుంటరంటే రాకుంట ఉంటనా టీచరమ్మా?" అన్నది.

ఆ రోజు ఆమెకు ఫస్టు షిఫ్టు. సెలవు దొరకలే. సభ సాయంత్రం గనుక, డ్యూటీ దిగి తానం చేసి వస్తనన్నది. కానీ హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాఫీసరు రామగుండంల రైలు అందుకోవాలన్నడు. సభ రెండు గంటలు ముందుకు జరిగింది. నేను కబురు పంపిన. పాపం, ఆమె బొగ్గు నింపే బంకరు కాడి నుంచి సీదా ఉరికొచ్చింది. మొఖం, చేతులు, చీర అంతా బొగ్గు.

కమిటీ పెద్ద గనికి కర్రలు సప్లై చేసే ఒక కాంట్రాక్టరు. ఆమెను చూసి మూతి ముడిచిండు.

"గీమె గిట్లనే వచ్చిందేంది? సారు పక్కన కూసుంటే ఫోటోల మసి తప్ప ఏం కనబడ్తది?"

"నీళ్లేడున్నయో చెప్పుర్రి, జల్ది కడుక్కొని వస్త," అన్నది అక్క.

"టైం లేదు." నా దిక్కు తిరిగిండు. నేను ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకొని ఉన్న. "టీచరమ్మా, మీరు కూసోండి. సారుకేం తెలుస్తది? శాలువ కప్పించుకొని దిగుర్రి, అంతే."

హెడ్మాస్టరు దిక్కు చూసిన. ఆయన తల దించుకున్నడు. నాది పర్మినెంటు కాని నౌకరి. పోయి అక్క కుర్చీల కూసున్న. ఆమెను జనం ముంగట కట్టిన తాడు అవతల నిలబెట్టిండ్రు.

కమిటీ పెద్ద మైకు ముంగట నిలబడి పిలగాని పేరు చదివిండు. అది గూడ తప్పు చదివిండు.

"మా తమ్ముని పేరు అది కాదు!" తాడు అవతల నుంచి అక్క గట్టిగ అన్నది. ఇద్దరు వాలంటీర్లు ఆమె నోరు మూయించిండ్రు.

రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నరు. ఆ రెండు నిమిషాలు గూడ డేరా ఎనుక మిర్చి బజ్జీలు కాలుతనే ఉన్నయి. ఆఫీసరు గడియారం చూసుకున్నడు. కమిటీ పెద్ద పండ్ల సందుల ఇరికిందేందో గోరుతోని తీసుకుంటున్నడు.

ఆఫీసరు శాలువ కప్పి, "సొంత తమ్ముడేనా?" అన్నడు.

"ఊ," అన్న.

అంత చిన్న మాట. యాదికొస్తే ఇప్పటికీ నా నోరు నాకే రోత పుడతది.

"కొంచెం ఏడుపు మొఖం పెట్టుర్రి మేడం," అన్నడు మంచిర్యాల నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు. నిజంగనే కండ్లల్ల నీళ్లొచ్చినయి. ముంగట కూసున్నోళ్లు అయ్యో అయ్యో అన్నరు.

సభ అయినంక శాలువ తీసుకొని అక్క ఇంటికి పోయిన. ఆమె తానం చేసి, గడపల కూసొని జుట్టు ఆరబెట్టుకుంటున్నది.

"ఇది నీది అక్కా."

"నాదైతే నాకే కప్పుతుండిరి."

"నన్ను మాఫ్ చెయ్యి."

జుట్టు దులుపుకుంట అడిగింది. "అక్కడ ఏడ్చినవ్ గదా, ఎందుకు?"

"సిగ్గుతోని."

"మా తమ్ముని కోసం అనుకున్న," అని లేచి లోపలికి పోయింది.

శాలువ కమిటీ పెద్ద ఇంటి వరండల పడేసి వచ్చిన. కొన్ని దినాలకు నా ఫోటో కట్టించి బడి గోడకు తగిలిచ్చిండ్రు. "మీ తమ్ముడు యుద్ధంల పోయిండా మేడం?" అని పిల్లలు అడగవట్టిరి. తీసెయ్యమని హెడ్మాస్టర్ను అడిగితే, "ఫోటో మంచిగనే పడ్డది గదా," అన్నడు. ఆ మాటతోని నాలో ఏదో తెగింది. క్లాసుకు పోయి, ఆ రోజు జరిగిందంతా దాచకుంట పిల్లలకు చెప్పిన. నేను కూసున్నది గూడ చెప్పిన.

మరుసటి దినం కమిటీ పెద్ద బడికొచ్చి నా మీద లొల్లి చేసిండు. నెల తిరగకముందే నా నౌకరి పోయింది. మంచిర్యాలల వేరే బడి చూసుకున్న.

పోయే ముందు అక్కకు చెప్పొద్దామని పోయిన. పిల్లల నోట సంగతి ఆమె దాకా వచ్చిందట. లోపలికి పిలిచి చాయ్ పోసింది. గ్లాసు కింద పెట్టి లేస్తుంటే, "అప్పుడే లేవాల్సి ఉండె టీచరమ్మా, ఆ కుర్చీల నుంచి," అన్నది. కోపంగ గూడ అనలే. అవునన్న.