లివరు పెట్టిన చెయ్యి

వినుకొండ శివారులోని మిరపకాయల గోదాములో సైదాబీ ఇరవై ఏళ్లుగా తొడిమలు తీస్తోంది. ఆమె భర్త నన్నే సాహెబ్ చికెన్ కొట్టులో మాంసం కొడతాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఉన్నదల్లా బూరె. గోదాములో గోనెబస్తాల సందున కూనగా దొరికిన ఎర్రమచ్చల పిల్లి. కారం చేతులతో ముట్టుకుంటే దాని కళ్లు మండుతాయని, సైదాబీ ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గానీ దాన్ని ఒళ్లోకి తీసుకునేది కాదు.

మొదటి ఏడాది బూరెకు పాలు, పెరుగన్నమే పెట్టింది. పిల్లి ఎదగలేదు. బొచ్చు రాలి, వెన్నెముక తేలింది.

"మాంసం తినే జంతువు సైదా అది. అన్నం పెడితే ఎట్టా బతుకుద్ది?" అన్నాడు నన్నే సాహెబ్. మర్నాటి నుంచి కొట్టులో మిగిలిన కోడి లివరు తెచ్చిచ్చేవాడు. మెత్తగా ఉంటుంది, వాసనకే పిల్లి పరిగెత్తుకొస్తుంది. రెండు నెలల్లో బూరె నిగనిగలాడింది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటుంటే, సైదాబీ ఇక వేరే తిండి సంగతే ఆలోచించలేదు. మూడేళ్లు రెండు పూటలా లివరే.

ఈ ఎండాకాలం బూరె గోడెక్కడం మానేసింది. పిలిస్తే తల తిప్పేది కాదు, ఒళ్లంతా తిప్పుకుని చూసేది. వీపు నాక్కోలేక బొచ్చు ఉండలు కట్టింది. గోడ మీంచి పడి ఉంటుందని సైదాబీ నూనె రాసింది. గిన్నె దగ్గరికి రాకపోతే లివరు ముక్కలు తానే నోటికి అందించింది. ఒకరోజు ఎత్తుకోబోతే అది కీచుమని అరిచి ఆమె చెయ్యి గీరేసింది. అంత సాధుజంతువు. సైదాబీ ఆ పూటే దాన్ని ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని, భర్తను వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కింది.

పశువుల డాక్టరు బిందుమాధవి బూరె మెడ మీద చెయ్యేసి చూసింది. ఎక్స్‌రే తీయించింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

"లివరండి. ఇంకోటి ముట్టదు," అంది సైదాబీ, కాస్త గొప్పగానే.

డాక్టరు ఎక్స్‌రే చూపించింది. మెడ ఎముకలు విడివిడిగా లేవు. ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"పిల్లికి మాంసం పెట్టాల్సిందే, అందులో తప్పులేదు. కానీ లివర్లో ఎ విటమిన్ మరీ ఎక్కువ. అప్పుడప్పుడు కొంచెమైతే మంచిదే. ఏళ్ల తరబడి అదే పెడితే ఒంట్లో పేరుకుని ఎముకలు ఇలా అవుతాయి."

"మందేస్తే ఊడతాయా అండి?"

"అతుక్కున్నవి ఊడవమ్మా. ఇంకా ముదరకుండా ఆపగలం. నొప్పికి మందిస్తాను. లివరు మానిపించి కోడి కండ, గుండెకాయ పెట్టండి, పిల్లుల కోసం అమ్మే ఫుడ్డు కూడా కలపండి. పస్తు మాత్రం పెట్టొద్దు. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లులకు ప్రాణం మీదికొస్తుంది."

తిరుగు బస్సులో కుదుపులకు కదలకుండా సైదాబీ బుట్టను ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది.

ఉడికించిన కండ మెత్తగా నూరి పెడితే బూరె వాసన చూసి వెనక్కి జరిగింది. గుండెకాయ ముట్టలేదు. కొన్న ఫుడ్డు ముట్టలేదు. రెండో రోజూ అంతే. సైదాబీ పనికి వెళ్లలేదు. డబ్బాలో లివరు ఉంది. ఒక్క ముక్క పెడితే తింటుంది. ఆ ముక్కే దాన్ని ఇంత చేసింది. పెట్టకపోతే చస్తుంది. డబ్బా మూత తీస్తూ, పెడుతూ, గోడకు చేరగిలబడి ఏడ్చింది.

"తెచ్చింది నేనే కదా," అన్నాడు నన్నే సాహెబ్.

"మీరు తెచ్చారు, నేను తినిపించాను. ఇప్పుడు ఎవరిని అనుకుని ఏం లాభం?"

చివరికి డాక్టరుకు ఫోన్ చేసింది. "ఒక్కసారిగా మానిపించలేకపోతే కండలో కొంచెం లివరు కలపండి. రోజురోజుకూ తగ్గించుకుంటూ రండి," అందామె.

అలాగే కలిపి పళ్లెం నేల మీద పెట్టింది. ఈసారి బూరె గబగబా వచ్చింది. నోరు తెరిచింది. వంగబోయి, నొప్పికి మూలిగి వెనక్కి తగ్గింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. అప్పుడర్థమైంది సైదాబీకి. కొత్త తిండి నచ్చకపోవడం ఒక్కటే కాదు, దానికి వంగడం చేతకావడం లేదు. రెండు ఇటుకలు పేర్చి పళ్లెం దాని నోటి ఎత్తుకు తెచ్చింది. బూరె నాలుగు ముద్దలు తింది. కాస్త ఆగి, ఇంకో రెండు తింది. నన్నే సాహెబ్ మొహం తిప్పుకుని బయటికి వెళ్లిపోయాడు.

నెలన్నరకు లివరు పూర్తిగా మానింది. నొప్పి తగ్గి, ఇంట్లో తిరుగుతోంది. మెడ మాత్రం తిరగలేదు. తిరగదు కూడా. రోజూ తడిగుడ్డతో సైదాబీయే దాని వీపు తుడుస్తుంది.

మొన్న గోదాములో పక్కన కూర్చునే సుబ్బరావమ్మ తనూ ఒక పిల్లికూనను తెచ్చుకున్నానని చెప్పింది. "మీ ఆయన కొట్లోంచి కాస్త లివరు ఇప్పించు సైదాబీ. నీ పిల్లి నిగనిగలాడేదిగా."

సైదాబీ చేతిలో కాయలు గంపలో పడేసి, మొత్తం చెప్పింది. పెట్టింది తానేనని కూడా దాచలేదు. చెప్పడం అయ్యాక సుబ్బరావమ్మ ఏదో ఓదార్పుగా అనబోయింది. సైదాబీ వద్దన్నట్టు చెయ్యెత్తి, "కండ తెప్పిస్తాలే నీకు," అని మళ్లీ కాయలు అందుకుంది.