రోడ్డును వంచింది దేవుడు కాదు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పబోయి ఎన్నోసార్లు మాట మార్చేశాను. ఏళ్ళ తరబడి దీన్ని కడుపులో పెట్టుకునే ఆఫీసుకు వెళ్ళాను, ప్రమోషన్లు తీసుకున్నాను, చర్చిలో అందరికన్నా గట్టిగా పాటలు పాడాను. నన్ను చూసి మంచి మనిషి అనుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా కాదని చెప్పలేదు. అది కూడా ఈ తప్పులో భాగమే.

నేను పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేస్తాను. ఏ రోడ్డు ఎంత వెడల్పు కావాలి, అందుకు ఎవరి గోడ ఎంతవరకు పోవాలి అని నక్షా మీద గీసే ఉద్యోగం. తొంభైలలో నాంపల్లి నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే ఒక చిన్న రోడ్డును వెడల్పు చేయాలనుకున్నారు. నక్షా పని నాకు ఇచ్చారు. ఆ రోడ్డు మీదే మా అక్క ప్రింటింగ్ ప్రెస్సు ఉంది.

"సార్, అక్కడ మా అక్క బిల్డింగు ఉంది, ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి" అని ఆ రోజే చెప్పాల్సింది. ఒక్క ముక్క. ఎందుకు చెప్పలేదు? మొదట తోచలేదు. తర్వాత తోచినా చెప్పలేదు. మొదటిది అమాయకత్వమనీ, రెండోదే తప్పనీ చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, తోచకుండా ఉండటమే నాకు లాభం కాబట్టి తోచలేదేమో అనిపిస్తుంది. మనసు ఇంత మాయలాడి అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినేదాన్నా?

బావ పోయాక అక్క ఒక్కతే ప్రెస్సు నడుపుతూ ఉండేది. పెళ్ళి కార్డులు, చర్చి పత్రికలు అచ్చువేసేది. ముందుగది పోతే మెషిను పెట్టడానికి జాగా ఉండదు. రోడ్డు సంగతి తెలిసి సికింద్రాబాదులో మా ఇంటికి వచ్చి కూర్చుని ఏడ్చింది. "నీ చేతిల పనే గదనే, జర చూడు" అంది. పెద్దగా ఏమీ అడగలేదు. అంతే అడిగింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రూల్స్‌లో ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. గుడి కానీ, మసీదు కానీ, చర్చి కానీ అడ్డం వస్తే గీత పక్కకు జరుగుతుంది. దేవుడి గోడను ముట్టుకుని లొల్లి తెచ్చుకోవాలని ఏ ఆఫీసరుకూ ఉండదు. అక్కడ నిజంగా ఏముందో చూసి రావడానికి కూడా ఎవరూ వెళ్ళరు.

ప్రెస్సు మీది గదిలో బుధవారాలు అక్కా, ఇంకొందరు ఆడవాళ్ళూ కూడి ప్రార్థన చేసుకునేవారు. సర్వే నక్షాలో ఆ బిల్డింగు మీద నేను చిన్న సిలువ గుర్తు పెట్టాను. ప్రార్థన స్థలం. పూర్తిగా అబద్ధం కాదు కదా అనుకున్నాను. అబద్ధం కాదట, నా మొహం! మావాళ్ళలో ప్రార్థన జరగని ఇల్లు ఎక్కడుంది? ఆ లెక్కన మా చుట్టాల ఇళ్ళన్నీ చర్చిలే. అది ప్రెస్సని నాకు తెలుసు. ఆ గుర్తు పెట్టేసి మామూలుగా భోజనానికి వెళ్ళాను, అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

మా పై ఆఫీసరు గుర్తు చూశాడు. "ఎందుకమ్మా మనకు లొల్లి, గీత అటు జరుపు" అన్నాడు. జరిపాను. రెండు పక్కలా సమానంగా పోవాల్సిన జాగా అంతా ఎదుటి పక్క నుంచే పోయింది. ఎదుట నర్సింగరావు గారి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. నాంపల్లి గుమాస్తాల పిల్లలు సగంమంది ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళే. పక్కనే నిలబడి, వేళ్ళు ఏ అక్షరం మీద ఉండాలో ఓపిగ్గా చూపించే మనిషి.

గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసిన రోజు ఆయన అభ్యంతరం కాగితం జేబులో పెట్టుకుని, రోడ్డు మీద నిలబడి ఉన్న నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, సడక్ నడుమ నుంచి రెండు దిక్కుల సమానంగ తీస్తరని చెప్పిన్రు గదా. మా దిక్కే గింత ఎక్కువ ఎట్లొచ్చింది?"

"ఎదురుంగ ప్రార్థన జాగ ఉంది సార్. దాన్ని ముట్టరు."

ఆయన తిరిగి అక్క బిల్డింగు వైపు చూశాడు.

"గాడ దేవుని జాగ ఉన్నదా? రోజూ చూస్తున్న, నాకు ఎర్కనే లేదు. ఔ, బుధవారం బుధవారం పాటలు వినపడ్తయి. నేను రేడియో అనుకున్న." జేబు మీద నుంచి చెయ్యి తీసేశాడు. "దేవుని జాగ అయితే ఏమంటం అమ్మా. మీ దేవుడైతేంది, మా దేవుడైతేంది. తీసుకోన్రి."

జేబులోని కాగితం బయటికి తియ్యనేలేదు. నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వెనక్కి పిలవడానికి ఆయన తన గుమ్మం ఎక్కే దాకా సమయం ఉంది. పిలవలేదు.

ఆయన ముందు హాలు కూల్చేశారు. మిగిలిన సన్నటి గదిలో మిషన్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కొన్నాళ్ళు నడిపాడు. పిల్లలు తగ్గిపోయారు. ఎలాగూ కంప్యూటర్లు వస్తున్నాయి, టైపు ఇన్‌స్టిట్యూట్లు మూతబడేవే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మూతబడేదే కావచ్చు. కానీ ఎప్పుడు మూయాలో ఆయన నిర్ణయించుకోవాలి, నేను కాదు.

ఆ ఏడు చర్చిలో అక్క సాక్ష్యం చెప్పింది. దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. నేను పెట్టిన గుర్తు సంగతి ఆమెకు తెలియదు. "నా దేవుడు నా కోసం రోడ్డునే వంచిండు" అంది కన్నీళ్ళతో. అందరూ "స్తోత్రం" అన్నారు. నేనూ అన్నాను. ఆ ఒక్క మాట ఆ రోజు నుంచి నా గుండెల మీద కుంపటి.

ఏళ్ళు గడిచాయి. నర్సింగరావు గారు పోయారని విన్నాను, వెళ్ళలేదు. ఈ మధ్య ఆయన కూతురు శైలజ, మిగిలిన ఆ సన్నటి జాగాలో రెండంతస్తులు కట్టుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టుకుంటానని దరఖాస్తు పెట్టుకుంది. ఫైలు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. పక్కింటి గోడకూ తన గోడకూ మధ్య రూలు ప్రకారం వదలాల్సిన ఖాళీ వదిలితే అక్కడ కట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఉన్నమాట చెబుతాను, నాకు సంతోషమేసింది. దిద్దుకునే అవకాశం వచ్చిందనుకున్నాను. ఆ ఖాళీ సంగతి చూసీ చూడనట్టు వదిలేస్తే చాలు, ఆమె పని అయిపోతుంది. పెన్ను చేతిలోకి తీసుకున్నాక పక్కింటి వాళ్ళు గుర్తొచ్చారు. ఆ ఖాళీ లేకపోతే వాళ్ళ గదుల్లోకి గాలి రాదు. ఒకప్పుడు అక్క కోసం చేసిన పనే ఇప్పుడు నా మనశ్శాంతి కోసం చేయబోతున్నాను. మళ్ళీ ఎవరి గోడనో అడ్డం పెట్టుకుని నా లెక్క తీర్చుకోబోతున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

లేచి ఫైలు తీసుకుని మా ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. నాకన్నా చాలా చిన్నవాడు. ఈ ఫైలు నేను చూడకూడదన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. మొదటిసారి, అంతా, సిలువ గుర్తుతో సహా. అతను ఫైలు తన వైపు జరుపుకున్నాడు. తర్వాత, విచారణ తప్పదు మేడం అన్నాడు. తప్పకూడదు అన్నాను. ఆ గది నుంచి బయటికి వచ్చి మొజంజాహీ మార్కెట్ దాకా ఊరికే నడిచాను. భయం వేసింది. కానీ ఊపిరి బాగా ఆడింది.

ఫైలు ఇంకొకరికి ఇచ్చారు. రోడ్డుకు జాగా ఇచ్చినవాళ్ళకు రూల్స్‌లోనే ఒక సడలింపు ఉందని, దానితో పక్కింటి గాలి ఆపకుండానే వెనక వైపు వదలాల్సిన ఖాళీలోకి జరిగి శైలజ ఆ రెండంతస్తులూ వేసుకోవచ్చని ఆయన తేల్చాడు. అది ఎప్పటినుంచో ఉన్న హక్కే. కాకపోతే అడగాలి. దేవుడికి ఇచ్చిన జాగాకు బదులు అడుగుతారా అని నర్సింగరావు గారు ఎన్నడూ అడగలేదట.

ఈ సంగతి నాకు చెప్పింది శైలజే. నేను ఆ సన్నటి గది గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పినప్పుడు. కోప్పడుతుందనుకున్నాను. ఎదుటి బిల్డింగు వైపు చూస్తూ మెల్లగా అంది:

"మా నాయిన పొద్దుగాల షట్టర్ తీయంగనే ఆ దిక్కు మొక్కెటోడు మేడం. దేవునికి జాగ ఇచ్చిన అని అందరికి చెప్పుకునెటోడు. నాకైతే మిమ్మల్ని ఏమనాల్నో సమజైత లేదు. మా అమ్మకు నేను చెప్ప. మీరే వచ్చి చెప్పున్రి."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆయన ఇన్నేళ్ళు చేతులు జోడించింది నా అబద్ధానికి. దానికి క్షమాపణ ఎవరిని అడగాలి?

అయినా, మీరే వచ్చి చెప్పున్రి అంది కదా. ఆ మాట పట్టుకునే ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం హిమాయత్‌నగర్‌లో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తాను. అంతకుముందు పొద్దున్న ఇంకో పని ఉంది. నేను వెళ్ళి సంగతి చెప్పిన రోజు నుంచి అక్క నాతో మాట్లాడటం లేదు, కానీ చర్చిలో ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుంటుంది. సాక్ష్యాల వేళ నేను లేస్తాను. రోడ్డును వంచింది దేవుడు కాదు, నేను అని చెబుతాను. ఈసారి స్తోత్రం అనేవాళ్ళు ఎవరూ ఉండకపోవచ్చు. లేచి మాత్రం తీరుతాను.